కాగితానికి పళ్లు చూసిన డాక్టరమ్మ

ఫోన్ వచ్చినప్పుడు నేను ఓపీలో ఉన్నాను. ఒక పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటున్నాను. మా నర్సు ఫోన్ తెచ్చి, నేను ఒక చెవి గొట్టం పక్కకు జరిపితే అక్కడ పెట్టింది. "సార్, సూర్యాపేట మేడం పోయిండ్రు. తెల్లారంగనే" అంది అవతలి గొంతు. నేను పాపతో "ఇంకోసారి ఊపిరి తియ్యమ్మా" అన్నాను. పాప తీసింది. నాకేమీ వినబడలేదు. మళ్లీ తియ్యమన్నాను. వాళ్లమ్మ బెదిరిపోయి "ఏమైంది సార్, నిమ్ము చేసిందా?" అని అడిగింది. పాపకేం కాలేదమ్మా అని చెప్పి, వెనక వరండాలోకి పోయి, కుళాయి తిప్పి ముఖం కడుక్కున్నాను. మిర్యాలగూడలో నా దవాఖాన పెట్టినప్పటి నుంచి పేషెంట్లను కూర్చోబెట్టి నేను లేచిపోవడం అదే మొదలు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఆమె ఫోటో వేశారు. పేదల డాక్టరమ్మ అని, మూడూళ్ల వైద్యులకు పెద్దదిక్కు అని రాశారు. అన్నీ నిజాలే. చివర్లో ఒక వాక్యం ఉంది. ఒకసారి తన వల్ల జరిగిన పొరపాటును తానే ఒప్పుకుని పదవి వదులుకున్న నిజాయితీ ఆమెది అని. ఆ వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. పేపరు వాళ్ల మీద కాదు, నా మీద నాకే. ఆ పొరపాటు ఆమెది కాదు. నాది. తొమ్మిదేళ్లుగా ఆమె పేరు మీద తిరుగుతున్న నా తప్పు అది.

మనిషి పోయాక ఒప్పుకోవడం సులువే కదా అంటారేమో. అనండి, పడతాను. కానీ ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి ఈ ఒక్కటీ దాచిపెడితే ఆ నాలుగూ అబద్ధాలైపోతాయి. అందుకే మొదలు నుంచి చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

2005లో నేను మిర్యాలగూడలో కొత్తగా బోర్డు పెట్టుకున్నాను. మా సొంతూరు కోదాడ. అప్పట్లో అంతా నల్లగొండ జిల్లానే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డాక్టర్లం కలిసి ఒక చిన్న సంఘం నడుపుకునేవాళ్లం. నెలకొక ఆదివారం ఒక్కో ఊళ్లో మీటింగు. నా మొదటి మీటింగు సూర్యాపేటలో, ఒక రైస్ మిల్లు వాళ్ల మేడ మీది హాల్లో జరిగింది. కింద మిల్లు ఆడుతుంటే మేడ మీద కుర్చీలు సన్నగా వణికేవి. మీటింగంటే భోజనం, నాలుగు జోకులు, ఒక గ్రూప్ ఫోటో అనుకుని పోయాను. పొద్దున టిఫిన్ కూడా చేయలేదు. అక్కడ చూస్తే నూలు చీర కట్టుకుని, చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకున్న ఒక పొట్టి మనిషి లేచి, పిల్లల విరేచనాల వైద్యం మీద అచ్చయిన పుస్తకాన్ని మొదటి పేజీ మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టారు.

పక్కన కూర్చున్న పెద్దాయనను "ఏంటండీ ఇది, బడిపిల్లల్లాగా?" అని గొణుగుతూ అడిగాను.

"ఊకో డాక్టర్. ఆమె ఖతం చేసేదాక అన్నం పెట్టరు" అన్నాడాయన.

వైద్యం తెలియని వాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఏ జబ్బుకు ఏ వరసలో వైద్యం చేయాలో పెద్ద పెద్ద సంస్థలు పుస్తకాలు రాస్తాయి. ఢిల్లీలో కూర్చుని రాసినవి ఉంటాయి, సముద్రాల అవతల రాసినవీ ఉంటాయి. మేం గైడ్‌లైన్స్ అంటాం. మా బోటి ఊళ్ల సంఘం అంత పని తాను చేయలేదు. అందుకని బయటివాళ్ల పుస్తకాన్ని తీసుకుని, చూసి, "ఇది మాకు సమ్మతమే, మా వాళ్లు దీని ప్రకారం చేయొచ్చు" అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర చూశాకే పల్లెల్లో చిన్న దవాఖాన నడిపే డాక్టరు, అందులోని నర్సు ఆ పుస్తకాన్ని తెరుస్తారు. చాలా సంఘాల్లో ఆ ముద్ర వేయడం ఒక నిమిషం పని. మా సంఘంలో మూడు నెలలు పట్టేది. ఎందుకంటే పరిశీలన కమిటీకి అధ్యక్షురాలు ఆమె.

ఆమెది తిరుమలగిరి వైపు గొర్ల కాపరుల ఇల్లు. ఆ ఇంట్లో పలక పట్టిన మొదటి ఆడపిల్ల ఆమేనట. "మా నాయిన అంగట్ల గొర్రెను కొంటె ముందు నోరు తెరిసి పండ్లు సూసేటోడు. ఉన్నిని సూసి మోసపోవద్దు, పండ్లు సూస్తె వయసు తెలుస్తది అనేటోడు. కాగితానికి గూడ పండ్లుంటయి. తెరిసి సూడాలె" అనేవారు. ఎవరైనా కొత్త పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెడితే చాలు, "పండ్లు సూసినవా?" అని అడిగేవారు. ఎవరు రాసిండ్రు? రాసినోళ్లకు ఖర్చు ఎవరు పెట్టిండ్రు? ఎసుంటి పేషెంట్ల మీద సూసి రాసిండ్రు? మల్ల ఎప్పుడు దిద్దుతరు? ఇవి అడిగాక చివరగా, గొంతు కొంచెం తగ్గించి, "మన తాన నడుస్తదా?" అనేవారు. మన దగ్గర పనికొస్తుందా అన్న ఆ చివరి ప్రశ్న దగ్గరే చాలా పుస్తకాలు ఆగిపోయేవి.

ఒకసారి ఒక మందుల కంపెనీ ప్రతినిధి షుగర్ పేషెంట్ల ఆహారం మీద రంగురంగుల చార్టు తెచ్చాడు. చాలా బాగుంది. కింద మాత్రం వాళ్ల మాత్ర పేరు చిన్నగా వేసి ఉంది. నేను చొరవ చూపిద్దామని, "ఆ కింది ముక్క కత్తిరించి మన ముద్ర వేసేద్దాం మేడమ్" అన్నాను.

"గదేంది డాక్టర్ సాబ్, ఒకల రాతను మనం కత్తిరిస్తమా? మన రాతను ఇంకొకలు కత్తిరిస్తె ఊకుంటవా? నచ్చితె మొత్తం తీసుకోవాలె, లేకుంటె మొత్తం వాపస్. మనకేదన్న చెప్పేదుంటె పక్కకు మన కాగితం మనం పెట్టుకోవాలె" అన్నారు. ఆ ప్రతినిధి చార్టులన్నీ చుట్టుకుని పోతుంటే పిలిచి, మజ్జిగ తాగి పొమ్మన్నారు.

మా ముద్ర కూడా ఆమె రాసిందే. "ఇది మా రాత కాదు. రాసినవారి పేరు పైన ఉన్నది. మేము చదివి, ఇక్కడ వాడి చూసి, సమ్మతించాము. మూడేళ్ల తరువాత ఈ సమ్మతి చెల్లదు." కోదాడ డాక్టర్లు ఆటపట్టించేవాళ్లు, మా మందుల చీటీ కంటే మీ ముద్రే పొడుగుందండీ అని. ఆమె నవ్వేవారు. ముద్రలో ఒక్క అక్షరం తీయనిచ్చేవారు కాదు.

"ఇక్కడ వాడి చూసి" అన్న మాట కోసం ఆమె బస్సులెక్కేవారు. కారుండేది, దాన్ని పేషెంట్లకే వాడేవారు. నన్ను సంఘం కార్యదర్శిని చేయకముందు నుంచే నేనూ ఆమె వెంట తిరిగాను. ఆ విరేచనాల పుస్తకం పట్టుకుని తుంగతుర్తి అవతల ఒక చిన్న దవాఖానకు పోయాం. అక్కడ నర్సుగా ఒక సిస్టరమ్మ ఉండేది. ఆ దవాఖానను చూస్తే ముచ్చటేసేది. గచ్చు మీద కాలు పెట్టాలంటే చెప్పులు విప్పాలనిపించేంత శుభ్రం. డాక్టరమ్మ ఆ సిస్టరమ్మ చేతికి పుస్తకమిచ్చి చదవమన్నారు. సిస్టరమ్మ చదువుతూ చదువుతూ ఆగింది.

"ఒక లీటరు నీళ్లల్ల పొడి కలపాలె అని ఉన్నది మేడం. ఇండ్లల్ల లీటరు ఎక్కడుంటది? చెంబుంటది" అంది.

"ఎంత చెంబు?"

"ఒక్కొక్కలింట్ల ఒక్కొక్క చెంబు."

ఆ పూటంతా మేం ఆ ఊళ్లో చెంబులు కొలిచాం. నిజం, నవ్వకండి. ఎంబీబీఎస్ చదివి, ఎండీ చేసి, ఇంటింటికీ పోయి "అమ్మా, మీ చెంబు ఒకసారి ఇస్తారా" అని అడిగాను. ఒక ముసలమ్మ నన్ను స్టీలు సామాన్లకు పాత బట్టలు తీసుకునేవాడు అనుకుని, "మా ఇంట్ల ఏం లేవు పో" అని తోలేసింది. డాక్టరమ్మ గోడకానుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ నెల ముద్రతో పాటు మా కాగితం ఒకటి జత చేశాం. చెంబుతో కొలవవద్దు, లీటరు నీళ్ల సీసాతో కొలవండి అని. పుస్తకం రాసిన వాళ్లకు చెంబు సంగతి ఎట్లా తెలుస్తుంది? వాళ్ల తప్పేం లేదు. తెలిసిన వాళ్లం మనమే కదా చెప్పాలి.

ఇక నా సంగతికొస్తాను.

తొమ్మిదేళ్ల కిందట వానలు తొందరగా పడ్డాయి. పత్తి చేలల్లో కలుపు పనులు మొదలయ్యాయి, పాముకాట్లు ఎక్కువయ్యాయి. నా దవాఖానకే వారానికి ఇద్దరు ముగ్గురు వచ్చేవారు. సరిగ్గా అప్పుడే నగరం నుంచి ఒక వైద్య సంస్థ రాసిన పాముకాటు పుస్తకం వచ్చింది. మంచి పుస్తకం, ఇప్పటికీ అదే మాట అంటాను. కాటు వేసిన చోట గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, ఇట్లా అన్నీ వివరంగా ఉన్నాయి. అందులో ఒక పరీక్ష ఉంది. పేషెంటు రక్తం కొంచెం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాలి. గడ్డకడితే సరి. గడ్డకట్టకపోతే రక్తపింజర విషం ఎక్కినట్టు, విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. మిషన్లు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఏ మూల దవాఖానలోనైనా చేసుకోవచ్చు.

ఆమె అప్పుడే కంటి ఆపరేషన్ చేయించుకుని హైదరాబాదులో ఉన్నారు. ఫోన్ చేశాను. "పట్టీ ఇప్పినంక వస్త. సదివి, ఆడ ఈడ తిప్పి సూద్దాం. జర ఆగు" అన్నారు. నేను ఆగలేదు. జనం చచ్చిపోతుంటే ఈమె చెంబులు కొలుస్తూ కూర్చుంటుంది అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం కూడా చెప్పేస్తాను. కోదాడలో డాక్టర్స్ డే సభ నా చేతుల మీదుగా జరుగుతోంది, పెద్దలు వస్తున్నారు. ఆ వేదిక మీద పుస్తకం విడుదల చేయాలని నాకు ఆశ. ముద్ర నా టేబుల్ సొరుగులోనే ఉండేది. కమిటీలో ఎవరూ పుస్తకం తెరవలేదు. నేనే "పరిశీలించి ఆమోదించడమైనది" అని రాసి, ముద్ర కొట్టి, అచ్చుకిచ్చాను. ముద్ర కింద ఎప్పటిలాగే కమిటీ అధ్యక్షురాలని ఆమె పేరు అచ్చయింది. సభలో చప్పట్లు బాగా పడ్డాయి.

మూడు వారాలకు, తుంగతుర్తి అవతలి ఆ దవాఖానకే ఒక ఆమెను తీసుకొచ్చారు. పత్తి చేనులో కలుపు తీస్తుంటే పాము కరిచింది. సిస్టరమ్మ పుస్తకం తెరిచి, చెప్పినట్టే గాజు గొట్టంలో రక్తం తీసి పెట్టింది. ఇరవై నిమిషాలకు రక్తం నీళ్లలాగే ఉంది. అక్కడి డాక్టరు విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ మందు కొందరికి పడదు. ఆమెకు పడలేదు. ఒళ్లంతా దద్దుర్లు, మొహం వాచిపోయింది, ఊపిరి అందలేదు, బీపీ పడిపోయింది. జీపులో వేసుకుని సూర్యాపేటకు ఉరికించారు.

డాక్టరమ్మ హైదరాబాదు నుంచి తిరిగొచ్చి రెండు రోజులైంది. నల్లకళ్లద్దాలతోనే లేచొచ్చి ఆమెను బతికించారు. అది మామూలు మాట కాదు, జీపు ఇంకొంచెం ఆలస్యమైతే నేనీ రాత రాసేవాణ్ని కాదు, వేరే ఏదో బతుకు బతుకుతుండేవాణ్ని. పేషెంటు కుదుటపడ్డాక ఆమె మళ్లీ రక్తం తీసి కొత్త గొట్టంలో పెట్టారు. చక్కగా గడ్డకట్టింది. విషం ఉంటే, సగంలో ఆపేసిన మందుతో అంత తొందరగా గడ్డకట్టదు. అసలు విషమే ఎక్కలేదు. మందే అక్కర్లేదు.

సిస్టరమ్మ పేషెంటు వెంటే జీపులో వచ్చింది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరమ్మ ఒకటే అడిగారు. "గొట్టం ఎట్ల తయారుజేసినవ్ బిడ్డా?"

"మంచిగ సబ్బు పొడి ఏసి కడిగిన మేడం. మూడుసార్లు. ఎండల పెట్టిన. శుభ్రమైనది అని రాసి ఉన్నది గద" అంది సిస్టరమ్మ. ఆ మాట గర్వంగానే చెప్పిందట పాపం.

సబ్బు పొడి గాజుకు పట్టుకుంటే మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. నగరంలో పుస్తకం రాసిన వాళ్లు ప్రతిసారీ కొత్త గొట్టం వాడి పారేస్తారు. శుభ్రమైనది అంటే వాళ్ల లెక్కలో కొత్తది. మా వైపు గొట్టాలను కడిగి దాచుకుంటారు. ఎవరెంత శ్రద్ధగా కడిగితే అంత ప్రమాదం. బద్ధకస్తులెవరైనా అయితే ఒట్టి నీళ్లతో జాడించి ఊరుకునేవారేమో, ఈ తప్పు జరిగేది కాదేమో. మా అందరిలోకీ శుభ్రమైన చేతులతోనే ఇది జరిగింది. డాక్టరమ్మ ఆ పుస్తకం పట్టుకుని ఒక్క పూట ఆ దవాఖానకు పోయి ఉంటే, "గొట్టం ఏది బిడ్డా" అని అడిగి ఉండేవారు. అంతే తేడా.

నాకు కబురొచ్చింది. సూర్యాపేట పోయాను. బస్సులో కూర్చుని తిట్లన్నీ ఊహించుకుని, వాటికి జవాబులు కూడా తయారు చేసుకున్నాను. ఆమె టేబుల్ మీద పుస్తకం తెరిచి ఉంది.

"దీని పండ్లు ఎవరు సూసిండ్రు?" అన్నారు.

"ఎవరూ చూడలేదు మేడమ్. నేనే కొట్టేశాను ముద్ర" అన్నాను.

ఆమె చాయ్ తెప్పించారు. నేను తాగేదాకా ఆగి, ఒక తెల్లకాగితం తీసి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని, కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని రాశారు. పాముకాటు పుస్తకానికి సంఘం ఇచ్చిన సమ్మతిని వాపసు తీసుకుంటున్నాం. పుస్తకం రాసినవారి తప్పు ఏమీ లేదు. ఇక్కడ వాడి చూడకుండా ముద్ర వేసిన తప్పు కమిటీ అధ్యక్షురాలిగా నాది. కింద సంతకం.

"మేడమ్, అది నేను కదండీ..." అన్నాను.

"ముద్ర నా కమిటీది. అచ్చయిన పేరు నాది. ఊరోళ్లకు నీ పేరు తెల్వది, నా పేరే తెలుసు. నువ్వు చెప్పదలుసుకుంటె నీ నోటితోని నువ్వు చెప్పుకో. నేనైతె నీ పేరు చెప్ప" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

నేను చెప్పలేదు. మా ఆవిడ నిండు నెలలతో ఉంది, దవాఖాన ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది, నలుగురికీ తెలిస్తే పేషెంట్లు రారు. ఆ నెల ఇవే నాకు నేను చెప్పుకున్న సాకులు. తర్వాతి నెలకు పాప పుట్టింది, సాకు మారింది. ఒక ఏడాది గడిచాక సాకు కూడా అక్కర్లేకుండా అలవాటైపోయింది.

ఆమె మాత్రం బస్సెక్కారు. చిలుకూరు, తిరుమలగిరి, తుంగతుర్తి, పుస్తకం చేరిన ప్రతి దవాఖానకూ పోయి, ఒక్కొక్క పుస్తకమూ చేత్తో తీసుకుని, బదులుగా ఆ ఉత్తరం ఇచ్చారు. పోస్టులో పంపిద్దాం అంటే, "ముద్ర చేతికిచ్చినం. వాపస్ గూడ చేతికెల్లే తీసుకోవాలె" అన్నారు. సంచీ మోయడానికి నేను వెంట పోయాను. ప్రతిచోటా ఆమె చెప్పేది ఒకటే, "తప్పు నాది." ప్రతిచోటా నేను సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాను.

పేషెంటు ఇంటికి కూడా పోయాం. ఆమె మంచంలో కూర్చుని ఉంది, మొహం మీద వాపు ఇంకా కొంచెం ఉంది. డాక్టరమ్మ ఆమెకు దండం పెట్టి జరిగింది చెప్పారు. ఆమె భర్త గొర్ల కాపరి. భుజాన గొంగడి తీయకుండానే విన్నాడు.

"పామన్న ఇడిసిపెట్టింది. మీరు ఇడిసిపెట్టలే గదమ్మా" అన్నాడు.

"నిజమే బిడ్డా. నువ్వన్నది నిజమే" అన్నారామె. నేను సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాను. ఆ మాట ఆమె మీద పడింది, నా మీద పడాల్సింది.

తర్వాతి మీటింగులో ఆమె అధ్యక్ష పదవి వదిలేశారు. ఏడాది పాటు వెనక వరసలో, తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నారు. నేను కార్యదర్శిని కాబట్టి వేదిక మీద కూర్చున్నాను. కొందరు డాక్టర్లు, ఆమె చాదస్తం పడని వాళ్లు, "అంత పండ్లు సూసే మనిషి, ఇప్పుడేమైంది?" అని నవ్వుకున్నారు. నేను విన్నాను. వినబడనట్టు మినిట్స్ రాసుకున్నాను.

ఆమె వెనక వరసలో కూర్చుని ఊరికే ఉండలేదు. పుస్తకం రాసిన నగరం వాళ్లకు సబ్బు పొడి సంగతి ఉత్తరం రాశారు. వాళ్లూ పెద్దమనుషులే. ధన్యవాదాలు చెప్తూ జవాబు రాశారు, మళ్లీ అచ్చువేసినప్పుడు "కొత్త గాజు గొట్టం, సబ్బుతో కడిగినది పనికిరాదు" అని కలిపారు. ఆ అచ్చు వచ్చిన రోజు ఆమె దాన్ని తీసుకుపోయి సిస్టరమ్మకు చూపించి, "సూడు, నీ మాట నగరం పుస్తకంల ఎక్కింది" అన్నారట. ఆ తప్పు తన వల్లే జరిగిందని ఏడుస్తూ ఉద్యోగం మానేద్దామనుకున్న మనిషి సిస్టరమ్మ. ఆ మాటతో నిలబడింది. మరుసటి ఏడు అందరూ పట్టుబట్టి డాక్టరమ్మను మళ్లీ అధ్యక్షురాలిని చేస్తే, ఆమె ఒకే షరతు పెట్టారు. కమిటీ టేబుల్ దగ్గర సిస్టరమ్మకు ఒక కుర్చీ ఉండాలి, ఏ పుస్తకమైనా మొదట ఆమె చదవాలి. డాక్టర్లలో కొందరు మొహాలు ముడుచుకున్నారు. ఆమె చూసీ చూడనట్టు కుర్చీ జరిపి, "కూసో బిడ్డా" అన్నారు.

చివరి రెండేళ్లు ఒంట్లో బాగాలేకపోయినా మీటింగులు మానలేదు. కుర్ర డాక్టర్లు ఫోన్లలో గైడ్‌లైన్స్ తెరిచి చూపించేవారు. ఆమెకు ఆ చిన్న అక్షరాలు కనబడేవి కావు. "నాకు కనపడకున్న ఏం గాదు, నీకు కనపడ్డదా, ఎవరు రాసిండ్రు?" అని అడిగేవారు. హైదరాబాదులో ఆస్పత్రిలో పడుకుని కూడా తనకు వైద్యం చేసే కుర్ర డాక్టరును "ఈ మందు ఏ పుస్తకం సూసి ఇస్తున్నవ్ నాయినా?" అని అడిగారని మేడమ్ వాళ్లమ్మాయి చెప్పింది. ఆ అబ్బాయి పుస్తకం తెచ్చి చూపించాడట. పేజీలన్నీ చదివించుకుని విని, "మంచిదే, కానియ్" అన్నారట.

మొన్న సూర్యాపేటలో సంతాప సభ జరిగింది. హాలు పట్టలేదు, జనం మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఒక పెద్ద డాక్టరు మాట్లాడుతూ, తన తప్పు తాను ఒప్పుకున్న ధీరురాలు అని పేపర్లోని వాక్యమే మళ్లీ చెప్పాడు. నేను లేచాను. నా వంతు రాలేదు, మైకు కూడా లేదు. "ఆ తప్పు మేడమ్‌ది కాదండీ. నాది. చదవకుండా ముద్ర కొట్టింది నేను. ఆవిడకు తెలియకుండా కొట్టాను. తొమ్మిదేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను" అన్నాను. ఎవరో నాకు నీళ్ల సీసా ఇచ్చారు.

సభ అయ్యాక మెట్ల దగ్గర సిస్టరమ్మ కనబడింది. జుట్టు బాగా నెరిసింది. చేతులు జోడించి, "సిస్టరమ్మా, ముందు నీకు చెప్పాల్సింది" అన్నాను.

"మాకెరికే సార్" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏమెరుక?"

"అమ్మకు కంటికి పట్టీ ఉన్నది ఆ నెల. పట్టీ ఉన్న మనిషి పుస్తకం ఎట్ల సదువుతది సార్, ముద్ర ఎట్ల ఏస్తది? ముద్ర మీ తాన్నే ఉంటదని గూడ ఎరికే. నేను ఒకపారి అమ్మను అడిగిన. గట్లెట్ల మీ మీద ఏసుకున్నరు, ఆ సార్ పేరు చెప్పొచ్చు గద అని. 'ఆయననే చెప్తడు బిడ్డా. చెప్పేదాక మీరెవ్వలు అడుగకుండ్రి' అన్నది. అందుకే ఎవ్వలం అడుగలే." తుంగతుర్తి బస్సు టైమైందని చెప్పి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది. మళ్లీ అధ్యక్షురాలయ్యాక ఆమెకు ఒక కొత్త అలవాటు వచ్చింది. అంతకుముందు లేదు, బాగా గుర్తు చేసుకున్నాను, లేదు. మీటింగు అయిపోయాక, అందరూ లేవబోతుంటే, ఆమె కలం మూత పెట్టి, రెండు చేతులూ టేబుల్ మీద పెట్టుకుని, "ఇంకెవరన్న చెప్పేదున్నదా?" అని అడిగేవారు. నా వైపు చూసేవారు కాదు. ఎవరి వైపూ చూసేవారు కాదు. వెనక కుర్చీలు మడిచే చప్పుడు మొదలయ్యేది. ఒక నిమిషం అట్లాగే కూర్చునేవారు. ఎన్ని నెలలు, ఎన్ని ఆదివారాలు! నేను పక్కనే కూర్చుని మినిట్స్ పుస్తకం మూసి సంచీలో పెట్టుకునేవాణ్ని. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "సరె తియ్యి. మల్ల నెల సూద్దాం" అనేవారు.